మణికట్టు నుంచి గుండె దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు కొల్లేరు గురించో, ఏలూరు కాలవ గురించో రాద్దామనుకున్నాను. ఇంతలో మా ఆవిడకు గుండె రక్తనాళంలో స్టెంటు వెయ్యాలని డాక్టర్లు చెప్పారు. వచ్చే సోమవారం విజయవాడ వెళ్లాలి. నెల రోజులుగా మా ఇంట్లో మరో మాట లేదు. ఏ ఫైలు చేతికొచ్చినా మొదటి కాగితం నుంచీ చదివితే తప్ప నోటు రాయలేని అలవాటు నాది. అందుకని ఈ వైద్యం ఎక్కడ పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అని మొదటి నుంచీ చదివాను. అదే మీ ముందు పెడుతున్నాను. మన వయసువాళ్లున్న ఏ ఇంటికైనా ఇది పనికొచ్చే సంగతే.

మా ఇంట్లో ఈ జబ్బు కొత్తది కాదు. 1969 వేసవిలో మా నాన్నగారు పెదపాడులో పొలం గట్టు మీద గుండె పట్టుకుని కూలబడ్డారు. ఊళ్లో డాక్టరుగారు కోరామిన్ ఇంజెక్షను చేశారు. ఏలూరు తీసుకువెళితే నొప్పికి మందిచ్చి, మంచం దిగవద్దన్నారు. నాలుగో రోజున పోయారు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు. ఇందులో వైద్యుల తప్పేమీ లేదు. మూసుకుపోయిన గుండె నాళాన్ని అప్పటికప్పుడు తెరిచే వైద్యం ఆనాడు పెద్ద పెద్ద నగరాల్లో కూడా వాడుకలోకి రాలేదు.

అయితే ఆ దారిలో మొదటి అడుగు అంతకు నలభై ఏళ్ల ముందే పడింది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊరి ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల డాక్టరు ఉండేవాడు. చేతి రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని అతని నమ్మకం. పైఅధికారి ఒప్పుకోలేదు. గొట్టం నర్సు దగ్గర ఉంటుంది కనుక ముందు ఆమెను ఒప్పించాడు. ప్రయోగం తన మీదే చెయ్యమని ఆమె అంది. సరేనని ఆమెను బల్లకు కట్టి, తీరా గొట్టాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. ఆ గొట్టంతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. మెప్పు రాకపోగా తిట్లు మిగిలాయి. చివరికి 1956లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

రెండో అడుగు పొరపాటున పడింది. గుండెకు రక్తం అందించే నాళాలలోకి రంగుమందు నేరుగా వెళితే ప్రాణం పోతుందని 1958 దాకా వైద్యలోకం నమ్మేది. ఆ ఏడాది అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు పరీక్ష చేస్తుండగా గొట్టం జారి, మందంతా కుడి నాళంలోకే పోయింది. రోగి గుండె కొన్ని క్షణాలు ఆగింది. గట్టిగా దగ్గమన్నారు, దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. ఆంజియోగ్రాం అని మనం ఇప్పుడు తేలిగ్గా అనేసే పరీక్ష అలా పుట్టింది. ఎక్కడ పూడిందో కంటికి కనిపించాకే పూడిక తీసే ఆలోచనకు వీలు కలిగింది.

ముందు వచ్చింది బైపాస్. 1967లో రెనే ఫవలోరో అదే క్లీవ్‌లాండ్‌లో కాలి నుంచి తీసిన నాళంతో గుండెకు పక్కదారి వేసే పద్ధతిని స్థిరపరిచాడు. మన దేశంలో మొట్టమొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె. ఎం. చెరియన్ చేశారు. ఈ గౌరవం ఒక ప్రభుత్వ ఉద్యోగుల ఆసుపత్రికి దక్కిందని చదివినప్పుడు, సాటి ఉద్యోగిగా నాకు సంతోషం కలిగింది.

ఛాతీ కొయ్యకుండా లోపలి నుంచే నాళాన్ని తెరవాలని పట్టుబట్టినవాడు ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్. జూరిక్‌లో ఉద్యోగం. పగలు ఆసుపత్రి, రాత్రి వంటింటి బల్ల దగ్గర భార్యతోనూ సహాయకులతోనూ కూర్చుని గొట్టాల చివర చిన్న చిన్న బెలూన్లు అతికించేవాడు. 1977 సెప్టెంబరు 16న ముప్పై ఎనిమిదేళ్ల రోగి నాళంలోకి ఆ బెలూను పంపి, ఉబ్బించి, పూడికను పక్కలకు అదిమాడు. రోగికి మెలకువ ఉండగానే పని ముగిసింది. పదేళ్ల తరువాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది. దాన్ని చూడడానికి గ్రూంట్‌జిగ్ మాత్రం లేడు. 1985లో తను నడుపుతున్న విమానం కూలి నలభై ఆరో ఏట మరణించాడు. ఆయన దగ్గర శిక్షణ పొందిన డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ మన దేశంలో ఈ వైద్యానికి ఆద్యుడిగా పేరుపొందారు. 2025లో ఆయనా కన్నుమూశారు.

బెలూనుతో ఒక చిక్కు ఉండేది. గట్టు కట్టకుండా పూడిక తీసిన బోదెలాగా, తెరిచిన నాళం దాదాపు ముగ్గురిలో ఒకరికి ఆరు నెలల్లోనే మళ్లీ సన్నబడేది. అందుకని లోపల సన్నని లోహపు వల నిలబెట్టడం మొదలైంది. అదే స్టెంటు. మొదటిది 1986లో ఫ్రాన్సులోని తులూజ్‌లో వేశారు. 2000 తరువాత మందు పూసిన స్టెంట్లు రావడంతో మళ్లీ పూడడం బాగా తగ్గింది. తొడ దగ్గర కాకుండా మణికట్టు నుంచి పంపే పద్ధతి 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. మా ఆవిడకు చెయ్యబోయేది ఇదే.

మన తెలుగువారి పాత్ర కూడా చెప్పుకోవాలి. విదేశీ స్టెంటు సామాన్యుడికి అందని రోజుల్లో, 1990లలో, హైదరాబాదులో క్షిపణుల పని చేసిన అబ్దుల్ కలాంగారు, హృద్రోగ నిపుణులు డాక్టర్ బి. సోమరాజుగారు కలిసి తక్కువ ధరకు దేశీయ స్టెంటు తయారు చేయించారు. కలాం-రాజు స్టెంటు అని దానికి పేరు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు పరిమితి పెట్టింది. అప్పటిదాకా లక్ష పైన పలికిన మందుపూత స్టెంటును 29,600 రూపాయలకు, మామూలు దానిని 7,260 రూపాయలకు దించింది. తరువాత ఆ అంకెలు కొద్దిగా మారుతూ వచ్చాయి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తికాదు. 1980ల చివర మా కార్యాలయంలో వైద్య ఖర్చుల బిల్లులు నా సీటులో ఉండేవి. 1972 నాటి వైద్య సహాయ నిబంధనల ప్రకారం రోగి ముందు డబ్బు కట్టి, తరువాత బిల్లు పెట్టుకోవాలి. మాతో పనిచేసిన ఒకాయన రెండెకరాలు అమ్మి మద్రాసులో బైపాస్ చేయించుకుని బిల్లు పెట్టారు. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టులో ఒకచోట డాక్టరు సంతకం లేదని అభ్యంతరం రాసి తిప్పి పంపింది నేనే. నిబంధన ప్రకారం నేను రాసింది సరైనదే. ఆ సంతకం కోసం ఆయన మళ్లీ మద్రాసు వెళ్లవలసి వచ్చింది. డబ్బు మంజూరయ్యే నాటికి ఆయన లేరు, చెక్కు ఆయన భార్య తీసుకున్నారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక ఉత్తరం రాసి నేనే ఆ సంతకం తెప్పించి ఉండవచ్చని తోచడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

2007లో పేదలకు ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలై, మరుసటి ఏటికి రాష్ట్రమంతా వచ్చింది. 2013 చివర ఉద్యోగులకు, పింఛనుదారులకు ఆరోగ్య కార్డుల పథకం వచ్చింది. చిక్కులు లేవని నేననను. కానీ ముందు పొలం అమ్మితే తప్ప ఆసుపత్రి గడప తొక్కలేని రోజుకూ, ఈ రోజుకూ ఉన్న తేడా ఎంతటిదో ఆ సీటులో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఇంతకీ స్టెంటు తప్పనిసరా? మా ఇంట్లో తగాదా ఇదే. అబ్బాయి వెంటనే వేయించేద్దామన్నాడు. మా ఆవిడ వద్దంది. చదివిన మీదట నాకు తెలిసింది ఇది. గుండెపోటు వచ్చినప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే, నాళం తెరవడం ప్రాణం నిలబెడుతుంది. అప్పుడు గ్యాసు మాత్రలతో కాలం గడపకుండా 108కి ఫోను చెయ్యాలి. నడిస్తే వచ్చి కూర్చుంటే తగ్గే నిలకడైన నొప్పి సంగతి వేరు. 5,179 మంది మీద జరిపి 2019లో వెల్లడించిన ఇస్కీమియా అనే పెద్ద పరిశీలనలో, అటువంటి వారికి మొదటే స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా, మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తరచు నొప్పి వచ్చేవారికి మాత్రం స్టెంటు, బైపాస్‌ల వల్ల ఉపశమనం బాగా కలిగింది.

ఈ మాట డాక్టరుగారినే అడిగాను. విసుక్కోకుండా, "మూడు నెలలు మందులు వాడి చూద్దామండీ" అన్నారు. వాడాము. అయినా పెరట్లోంచి బిందె తెచ్చుకునేసరికి ఆవిడకు నొప్పి వస్తూనే ఉంది. అందుకే ఇప్పుడు స్టెంటు అనుకున్నాము. స్టెంటు పడ్డాక కూడా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలను డాక్టరును అడగకుండా ఒక్క రోజు కూడా మానకూడదని గట్టిగా చెప్పారు. ఇది మన సభ్యులందరూ గుర్తుంచుకోవలసిన మాట.

మొన్న రాత్రి ఇదంతా ఆవిడకు చదివి వినిపించాను. అన్నీ విని, "ఏవండీ, ఆ నర్సును బల్లకు కట్టేసి, పాపం, మళ్లీ విప్పాడా లేదా?" అంది. విప్పాడనీ, ఆ మెట్లు దిగడానికి ఆవిడే సాయం వెళ్లిందనీ చెప్పాను. "అయితే సోమవారం మీరు నా పక్కనే ఉండండి" అంది. అంతవరకు ఒప్పుకుందంటే నాకు సగం బరువు దిగినట్టే.

మిత్రులందరి ఆశీస్సులు కోరుతూ,
పెదపాడు నుంచి ఒక విశ్రాంత గుమాస్తా