కాపీకి రెండో ఊరు

రైలు పట్టాలకు అటు ఉస్మానియా క్యాంపస్, ఇటు వారాసిగూడ. హాస్టల్లో సీటు దొరకని స్కాలర్లు, దొరికినా ఆ గోల పడనివాళ్లు ఈ గల్లీల్లో రూములు తీసుకుంటారు. అలాంటి రూములో దొంగకు పనికొచ్చేది లాప్‌టాప్ ఒక్కటే. దొంగకు ఎందుకూ కొరగానిది, మనిషికి మాత్రం ప్రాణంతో సమానమైనది అందులోని వర్డ్ ఫైలు. నాలుగైదేళ్ల థీసిస్. బ్యాకప్ ఉందా అంటే ఉందనే చెబుతారు. ఎక్కడ? పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ ఎక్కడ? లాప్‌టాప్ బ్యాగు ముందు జేబులో.

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు 13న పట్టిన వాన ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసింది. గ్రౌండ్ ఫ్లోర్ రూములోకి నీళ్లొస్తే బ్యాగూ, దాని జేబూ విడివిడిగా తడవవు.

కాపీ తీయడం మనకు కొత్త విద్యేమీ కాదు. తాటాకు చివికిపోతోందంటే ఇంకో తాటాకు మీదికి ఎక్కించేవాళ్లు. తాళ్లపాక వారైతే అన్నమయ్య కీర్తనలను ఏకంగా రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. రేకులు నిలిచాయి. కానీ 32 వేలని చెప్పుకునే కీర్తనల్లో మన చేతికందినవి సగం కూడా లేవు. కంప్యూటర్ల కాలంలోనూ జనం ముందు వెతికింది గట్టి సరుకు కోసమే. కాపీ ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా తట్టింది. నన్నడిగితే బ్యాకప్ కథలో అసలు ఆవిష్కరణ ఆ దూరమే.

1983లో ఐబీఎం వాళ్లు పీసీ ఎక్స్‌టీ తెచ్చారు. అందులో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. తిరిగే పళ్లెం మీద వెంట్రుక కూడా పట్టనంత ఎడంలో తేలే హెడ్ ఎప్పుడైనా పళ్లేన్ని తాకిందంటే గీత పడుతుంది, ఆ గీత కింద రాసిందంతా పోతుంది. ఈ భయం తయారీదారులకూ తెలుసు. అందుకే ఆ మెషీన్‌తో పాటు వచ్చిన డాస్ 2.0లో బ్యాకప్, రిస్టోర్ అని రెండు కమాండ్లు పెట్టారు. ఫ్లాపీలో పట్టేది 360 కిలోబైట్లు. డిస్క్ నిండా సరుకుంటే ముప్పై దాకా ఫ్లాపీలు కావాలి. తెర మీద అడిగినప్పుడల్లా ఒకటి తీసి ఇంకొకటి పెడుతూ కూర్చోవాలి. మధ్యలో ఒక్క ఫ్లాపీ చెడినా తిప్పలే. ఒక డాస్ వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌ను ఇంకో వెర్షన్ రిస్టోర్ చేయనని మొరాయించేది కూడా. ఇంత చేశాక ఆ ముప్పై ఫ్లాపీల డబ్బా ఎక్కడుండేది? కంప్యూటర్ పక్క సొరుగులోనే.

1990ల చివర్లో ఉస్మానియా (ఓయూ) చుట్టుపక్కల తెలుగు థీసిస్ అంటే డీటీపీ సెంటర్ పనే. చేతిరాత ప్రతి ఇస్తే పేజ్‌మేకర్‌లో కొట్టి, ప్రూఫులు దిద్దించి, ఫ్లాపీ చేతిలో పెట్టేవాళ్లు. షాపు కంప్యూటర్‌లో ఒక కాపీ మిగిలేది. అంటే ఎవరూ అనుకోకుండానే రెండు చోట్ల కాపీ ఉన్నట్టే. కాకపోతే మన భాషకు ఇంకో గండం ఉంది. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద కూర్చోబెట్టేవి. ఫైలు నిక్షేపంగా ఉన్నా ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే కనిపించేది పిచ్చిగీతలే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది గానీ, ఇంట్లో కంప్యూటర్‌కు అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే. ఆనాటి థీసిస్ ఫైళ్లు ఇప్పటికీ దాచుకున్నవాళ్లుంటే ఫాంటు కూడా పక్కనే దాచుకోవాలి, లేదా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఈ మాట పెద్ద స్టూడియోలకూ దెబ్బ తగిలాకే తెలిసింది. 1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్లను ఎవరో ఒక్క కమాండ్‌తో తుడిచేశారు. టేపుల మీద బ్యాకప్ ఉందిలే అని తెరిచి చూస్తే అది కొన్నాళ్లుగా సరిగ్గా ఎక్కడమే లేదు. టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్‌మన్ పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచి పనిచేస్తూ సినిమా కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చి సినిమాను నిలబెట్టారు. పక్కా ఏర్పాటు చేతులెత్తేసింది, ఇంకో ఇంట్లో ఉన్న కాపీ ఆదుకుంది.

సరే, ఇంకో ఇంటికి రోజూ కాపీ చేరేదెట్లా? మోడెం వేగంలో మొత్తం ఫైలు పంపాలంటే తెల్లవారుతుంది. దీనికి దారి చూపింది ఆస్ట్రేలియా. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ 1996లో ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం విడుదల చేశారు. మారిన భాగం మాత్రమే పంపాలన్నది ఆలోచన. వినడానికి తేలిక, చేయడం కష్టం. రెండు ఫైళ్లూ ఒకచోట లేకుండా తేడా ఏమిటో కనిపెట్టడం ఎట్లా?

మొదటి అధ్యాయంలో ఒక వాక్యం చేర్చారనుకోండి. ఆ తర్వాతి ప్రతి అక్షరమూ పక్కకు జరుగుతుంది. రెండు ఫైళ్లనూ ముక్కలు చేసి వరసగా పోలిస్తే అక్కడి నుంచి చివరిదాకా ఒక్క ముక్కా కలవదు. ఆర్‌సింక్ ఉపాయం వేరు. పాత కాపీ ఉన్న దూరపు కంప్యూటర్ తన ఫైలును సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు రెండు గుర్తు సంఖ్యలు కడుతుంది. మొదటిది చకచకా తేలేది, రెండోది నిదానమైనా నికరమైనది. ఆ సంఖ్యల జాబితా మాత్రమే ఇటు పంపుతుంది. కొత్త ఫైలున్న కంప్యూటర్ అంతే పొడుగు ముక్కను ఒక్కో బైటూ జరుపుకుంటూ జాబితాతో సరిచూస్తుంది. జరిగిన ప్రతిసారీ మొదటి సంఖ్యను కొత్తగా కట్టనక్కర్లేదు. వెనక వదిలిన బైటును తీసేసి, ముందు చేరిన దాన్ని కలిపితే చాలు. అది కలిస్తేనే రెండోదాన్ని లెక్కిస్తుంది. రెండూ కలిస్తే ‘నీ దగ్గరున్న ఫలానా ముక్కే వాడుకో’ అని చెబుతుంది, కలవని బైట్లను మాత్రం పంపుతుంది. ట్రిడ్జెల్ 1999లో దీన్నంతా తన పీహెచ్‌డీలో రాశారు. థీసిస్‌లను కాపాడే ఉపాయం ఒక థీసిస్‌లోకే ఎక్కిందన్నమాట.

దూరం చవకయ్యాక దానికో లెక్క కట్టింది ఒక ఫొటోగ్రాఫర్. అమెరికాకు చెందిన పీటర్ క్రోగ్ తోటి ఫొటోగ్రాఫర్ల కోసం రాసిన పుస్తకంతో 3-2-1 సూత్రం జనానికి చేరింది. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒక కాపీ వేరే చోట. రూములో లాప్‌టాప్, ఒక హార్డ్ డిస్క్, ఊళ్లో అన్నయ్య ఇంట్లో ఇంకో డిస్క్ ఉంటే లెక్క సరిపోతుంది. వేరే చోటంటే పక్క గల్లీ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిన రోజు హైదరాబాద్ తార్నాకలో ఎవరి డిస్కూ తడవలేదు. విశాఖలో చుట్టాలున్నవాళ్లు డిస్కులు ఇచ్చిపుచ్చుకుంటే రెండు ఊళ్లూ ఒకేసారి మునిగే అవకాశం తక్కువ.

2017 మేలో వనాక్రై వచ్చాక ఇంకో సంగతి తేలింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ సోకిన ఆ వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది. కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన డిస్కును కూడా వదల్లేదు. కాపీ తీశాక వైరు పీకేయడం కూడా దూరమే.

తెలుగువాళ్ల ఉమ్మడి బ్యాకప్ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి ముందుకు నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టులో ఉస్మానియా గ్రంథాలయం పుస్తకాలనూ స్కాన్ చేశారు. పాత పుస్తకాలు దించుకునే అలవాటున్నవాళ్లకు మొదటి పేజీలో ‘యూనివర్సల్ లైబ్రరీ’ అన్న చీటీ, ఓయూతో మొదలయ్యే నంబరు చిరపరిచితం. ఆ స్కాన్లను ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు కాపీరైటు అభ్యంతరాలతో 2017 ప్రాంతంలో మూతపడింది. కానీ అప్పటికే అమెరికా కార్యకర్త కార్ల్ మలమూద్ లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి ఉన్నారు. పాఠకులు కూడా తమ డిస్కుల్లోకి దించుకుని ఉన్నారు. ఆ సైటు పోయినా పుస్తకాలు పోలేదు.

థీసిస్‌కూ ఇప్పుడు అలాంటి రెండో ఊరుంది. 2009 నాటి యూజీసీ నిబంధనతో పీహెచ్‌డీ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాల్సి వచ్చింది. అవి చేరే శోధ్‌గంగను నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉంది. అయితే అక్కడికి వెళ్లేది బైండింగ్ అయిన థీసిస్ ఒక్కటే. సగం రాసిన అధ్యాయాలు, ఫోన్లో రికార్డు చేసిన ఇంటర్వ్యూలు, ఊరూరా తిరిగి తీసిన ఫొటోలు వెళ్లవు. వైవా అయిపోయాక వాటిని అడిగేవాళ్లు ఉండరు. అచ్చుకెక్కని ఆ ముడిసరుకు కోసమే అన్నయ్య ఇంట్లో రెండో డిస్కు.