మనోవ్యాధికి మార్గములు

కొల్లేటి నడుమ లంకలో వెలసిన పెద్దింట్లమ్మకు ఫాల్గుణమున జాతర జరుగును. దేహబాధకు మొక్కినట్లే మనోబాధకును మన పెద్దలు అమ్మవారికే మొక్కుకొనిరి. ఇతర మార్గము పల్లెకు చాలకాలము అందలేదు. 1912 నాటి ఉన్మాదుల చట్టము రోగిని ఎట్లు నిర్బంధింపవలెనో చెప్పెనే గాని, అతనికేమి కావలెనో అడుగలేదు.

మాటలతో మనసు కుదుర్చు విద్య వియన్నాలో ఫ్రాయిడు వలన ప్రసిద్ధికెక్కెను. 1922లో గిరీంద్రశేఖర బోసు కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. పిమ్మట దారులు చీలినవి. దోనె బోల్తాపడిన నాటినుండి నీరు చూచినంతనే వణకు జాలరి నొకని తలచుకొందము. ఫ్రాయిడు మార్గీయులు అతని బాల్యమును ఏండ్ల తరబడి త్రవ్వుదురు. 1958లో గ్రంథము వెలువరించిన జోసెఫ్ వోల్పే పద్ధతిలో, ఒడలు సడలించుట నేర్పి, గట్టును, రేవును, కట్టివేసిన దోనెను వరుసగా ఊహింపజేయుదురు. 1960 దశకమున ఆరన్ బెక్ రూపొందించిన చికిత్స, ఎక్కిన ప్రతి దోనెయు మునుగునా యని ఆ తలపునే పరీక్షకు నిలుపును. ఇట్టి భయమునకు మెట్టుమెట్టుగా ఎదుర్కొనుటయే దగ్గరి త్రోవయని మా అభిప్రాయము; దీర్ఘవిషాదమునకు అదే చాలునని మేమనము.

మొక్కు మానుమనుట మా ఉద్దేశము కాదు. సంకెల మాట వేరు. 2001 ఆగస్టు 6న తమిళనాట ఎర్వాడి దర్గా చెంత, గొలుసులతో కట్టియుంచిన 28 మంది రోగులు అగ్నికి ఆహుతియైరి. 2017 చట్టము గొలుసును నిషేధించెను. ఏ చికిత్స కావలెనో, ఏది వలదో ముందుగా వ్రాసియుంచు హక్కును రోగికే ఇచ్చెను. 2022లో ఆరంభమైన టెలీ మానస్‌కు, 14416 సంఖ్యపై, ఆ జాలరి తెలుగులోనే తన గోడు చెప్పుకొనవచ్చును.