గెలుపు గుర్రాలూ, ఒక రాజీనామా

టికెట్లు పంచే రోజుల్లో మన పత్రికలకు బాగా ఇష్టమైన మాట ‘గెలుపు గుర్రం’. ఏళ్ళ తరబడి జెండా మోసిన కార్యకర్తకివ్వాలా, నాలుగు ఓట్లు ఎక్కువ తెచ్చేవాడికివ్వాలా అన్నది అన్ని పార్టీలకూ ఉన్న తలనొప్పే. సిద్ధాంతమే మా ఆస్తి అని చెప్పుకునే మితవాద పార్టీలకు ఇది మరీ ఎక్కువ. అమెరికాలో 1964లో గోల్డ్‌వాటర్ చిత్తుగా ఓడిపోయాక, 1967లో విలియం బక్లీ ఒక సూత్రం చెప్పాడు: గెలవగలిగినవాళ్ళలో మన భావాలకు అందరికంటే దగ్గరగా ఉన్నవాణ్ణి బలపరచాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఎవరు గెలవగలరో ముందే ఎవరికి తెలుసు? ఈ చిక్కు అర్థం కావడానికి అంత దూరం పోనక్కర్లేదు, నిజామాబాద్ జిల్లా చాలు.

కథ మాత్రం కాకినాడలో మొదలవుతుంది. 1997లో భారతీయ జనతా పార్టీ రాష్ట్ర శాఖ అక్కడ ‘ఒక ఓటు, రెండు రాష్ట్రాలు’ అని తీర్మానించింది. చిన్న రాష్ట్రాలు కావాలన్నది ఆ పార్టీ పాత వాదనే. తెలంగాణ ఇస్తామని కోస్తా గడ్డ మీద నిలబడి చెప్పడం మాత్రం అప్పట్లో పెద్ద సాహసం. 1998 లోక్‌సభ ఎన్నికల్లో దాదాపు 18 శాతం ఓట్లు, నాలుగు సీట్లు తెచ్చుకుంది. సికింద్రాబాద్, కరీంనగర్‌లతో పాటు కాకినాడ, రాజమండ్రి కూడా గెలిచింది. రాష్ట్రాన్ని విడగొడతామన్న పార్టీని కోస్తాలో రెండు చోట్ల గెలిపించారంటే, జనం లెక్కలు మనం అనుకునేంత సూటిగా ఉండవన్నమాట.

ఏడాది తిరిగేసరికి సీన్ మారిపోయింది. 1999లో తెలుగుదేశంతో పొత్తు కుదిరింది. చంద్రబాబు సమైక్యవాది, ఢిల్లీలో వాజపేయికి ఆయన ఎంపీలు కావాలి. కాకినాడ తీర్మానం అటకెక్కింది. గెలుపు లెక్క ప్రకారం చూస్తే పొత్తు బ్రహ్మాండంగా పండింది: ఏడు లోక్‌సభ సీట్లు, పన్నెండు అసెంబ్లీ సీట్లు. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ పుట్టాయి, తెలంగాణ పుట్టలేదు. మెదక్ నుంచి బీజేపీ ఎంపీగా గెలిచిన ఆలె నరేంద్ర బయటికొచ్చి తెలంగాణ సాధన సమితి పెట్టి, 2002లో దాన్ని టీఆర్‌ఎస్‌లో కలిపేశారు. పార్టీ కాపాడుకోని సిద్ధాంతం నడుచుకుంటూ పక్కింటికి వెళ్ళిపోయింది. 2004లో రాష్ట్రంలో బీజేపీకి ఒక్క ఎంపీ కూడా మిగల్లేదు. ఆ ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి, నిజమే. కానీ తెలంగాణ కావాలనుకున్న ఓటరుకు అప్పటికే వేరే గుర్తు దొరికింది.

సిద్ధాంతాన్ని పట్టుకుంటే గెలుస్తారు, వదిలేస్తే ఓడిపోతారు అని ఇక్కడితో తేల్చేద్దామంటే డిచ్‌పల్లి అడ్డొస్తుంది. 2008లో తెలంగాణ కోసం టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు రాజీనామాలు చేశారు. ఉప ఎన్నికల్లో ఆ పదహారు సీట్లలో ఏడే నిలబెట్టుకోగలిగారు. పోయినవాటిలో డిచ్‌పల్లి ఒకటి. అక్కడి జనానికి తెలంగాణ వద్దని కాదు. ఈ రాజీనామాతో రాష్ట్రం వస్తుందన్న నమ్మకం వాళ్ళకప్పుడు లేదు. మరుసటి ఏడాది పునర్విభజనలో ఆ నియోజకవర్గం పేరే పోయి నిజామాబాద్ రూరల్ వచ్చింది.

ఇక నిజామాబాద్ అర్బన్ చూడండి. డిచ్‌పల్లి నుంచి పట్టుమని ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. 2009లో రాష్ట్రం మొత్తమ్మీద బీజేపీకి దక్కింది ఇద్దరే ఎమ్మెల్యేలు: అంబర్‌పేటలో కిషన్ రెడ్డి, నిజామాబాద్ అర్బన్‌లో యెండల లక్ష్మీనారాయణ. యెండల ఓడించింది సాక్షాత్తూ పీసీసీ అధ్యక్షుడు డి. శ్రీనివాస్‌ను. ఆ డిసెంబరులో తెలంగాణ ప్రకటన రావడం, రెండు వారాలకే కేంద్రం వెనక్కి తగ్గడం తెలిసిందే. 2010 ఫిబ్రవరిలో పన్నెండు మంది ఎమ్మెల్యేలు రాజీనామా చేస్తే, అందులో బీజేపీ నుంచి యెండల ఒక్కరే. ఉన్న రెండు సీట్లలో ఒకదాన్ని పణంగా పెట్టడం ఏ గెలుపు లెక్కకూ అందదు. జూలైలో మళ్ళీ డీఎస్‌తోనే పోటీ, మళ్ళీ యెండలదే గెలుపు. పన్నెండింటిలో మిగతా పదకొండు టీఆర్‌ఎస్‌వి.

2008కీ 2010కీ మధ్య సిద్ధాంతం మారలేదు, రాజీనామా అనే ఆయుధమూ మారలేదు. మారింది జనం నమ్మకం. దానికి తోడు టీఆర్‌ఎస్ ఆ సీటులో పోటీ పెట్టలేదు. అంటే యెండల గెలుపులోనూ ఒక లెక్క ఉంది. సిద్ధాంతం ఒంటరిగా గెలవలేదు, లెక్క ఒంటరిగా గెలిపించలేదు. గెలిచే శక్తి అనేది అభ్యర్థి ఒంట్లో పుట్టుకతో ఉండే గుణమేమీ కాదు. ‘మిగతావాళ్ళు కూడా వేస్తారు’ అని ఒకరి గురించి ఒకరం కట్టుకునే అంచనా అది.

తర్వాతి కథ అంత తియ్యగా లేదు. 2014లో పార్లమెంటులో తెలంగాణ బిల్లుకు మద్దతిచ్చిన బీజేపీ, ఎన్నికలకొచ్చేసరికి మళ్ళీ తెలుగుదేశంతోనే జతకట్టింది. నిజామాబాద్ లోక్‌సభకు నిలబడ్డ యెండల, టీఆర్‌ఎస్ నుంచి కవిత చేతిలో ఓడిపోయారు. సీటు వదిలిన మనిషికి కొత్త రాష్ట్రం సీటివ్వలేదు. 2019లో అదే కవితను ఓడించి బీజేపీ ఎంపీ అయిన ధర్మపురి అర్వింద్ ఎవరంటారా? యెండల రెండుసార్లు ఓడించిన డీఎస్ కొడుకు.

ఆ 2019 ఎన్నికలో ఇంకో పాఠం ఉంది. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది పసుపు బోర్డు, పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర అడుగుతూ నామినేషన్లు వేసిన రైతులు. ఒక్కరూ గెలవరని ఓటేసినవాళ్ళకు తెలుసు. అయినా వాళ్ళందరికీ కలిపి పడ్డ ఓట్లు, అర్వింద్‌కు వచ్చిన 70,875 మెజారిటీని దాటిపోయాయి. గెలిచిన అభ్యర్థి కూడా బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసివ్వాల్సి వచ్చింది. అయిదు రోజుల్లో అన్న బోర్డు 2025 జనవరిలో గానీ నిజామాబాద్‌లో మొదలవలేదు. ఆలస్యమే. కానీ ఆ ఓట్లను ‘వేస్ట్’ అని కొట్టిపారేయడం ఇప్పుడెవరికైనా కష్టమే.

గెలుపు లెక్క కౌంటింగు రోజు సాయంత్రానికే తేలిపోతుంది. సిద్ధాంతం లెక్క తేలడానికి పదేళ్ళు పట్టొచ్చు. అప్పటికి దాని లాభం, మాట మొదట ఇచ్చినవాడికి కాక మధ్యలో వదలకుండా పట్టుకున్నవాడికి పోతుంది. కాకినాడలో తీర్మానం రాసినవాళ్ళకు 2014 నేర్పింది అదే.