మోటార్‌హోమ్‌లో పోర్టబుల్ పవర్ స్టేషన్

లిథియం బ్యాటరీ, దాని మంచిచెడ్డలు కనిపెట్టుకొని ఉండే నియంత్రణ వలయం, డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్, సౌర ఫలకాల నుంచి వచ్చే కరెంటును అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్, గోడ సాకెట్ నుంచి నింపుకొనే ఛార్జర్, వీటన్నిటినీ ఒకే పెట్టెలో బిగించి మోయడానికి పిడి అమర్చిన సాధనాన్ని పోర్టబుల్ పవర్ స్టేషన్ అంటారు. నివాస వసతులున్న బండ్లయిన మోటార్‌హోమ్‌లలో దీని వాడకం ముఖ్యంగా ఉత్తర అమెరికాలోను, పశ్చిమ ఐరోపాలోను వ్యాపించింది. అమెరికాలో సమాఖ్య భూ నిర్వహణ బ్యూరో పరిధిలోని ఖాళీ భూములలో సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజుల వరకు రుసుము లేకుండా బండి నిలుపుకోవచ్చు గాని, అటువంటి చోట్ల కరెంటు స్తంభం ఉండదు. ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ పరిసరాలలో చలికాలం గడిపే బండ్లవారికి ఈ పెట్టెలు, సౌర ఫలకాలు నిత్యావసరాలయ్యాయి.

ఈ సాధనం పుట్టుక విషయంలో ఏకాభిప్రాయం లేదు. యూటా రాష్ట్రానికి చెందిన గోల్ జీరో సంస్థ యెటీ పేరిట అమ్మిన తొలి నమూనాలలో ఉన్నది సీసం-ఆమ్లం బ్యాటరీ. అవి బరువైనవి, సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడయ్యేవి. లిథియం రకాన్ని 2016లో తామే మొదట తెచ్చామని జాకరీ సంస్థ చెప్పుకొంటుంది. అయితే ఇంచుమించు అదే కాలంలో యాంకర్ వారి పవర్‌హౌస్ కూడా అంగళ్లలోకి వచ్చింది కనుక, ఒక్క సంస్థకు అగ్రతాంబూలం ఇవ్వడం కంటె 2010ల మధ్యకాలంలో ఈ వస్తువు రూపుదిద్దుకొన్నదని చెప్పడమే సబబు. 2017లో షెన్‌జెన్‌లో ఏర్పడిన ఎకోఫ్లో సంస్థ గోడ సాకెట్ నుంచి త్వరగా నిండే నమూనాలతో పోటీని పెంచింది. తొలి లిథియం పెట్టెలలో నికెల్-మాంగనీస్-కోబాల్ట్ ఘటాలు ఎక్కువగా ఉండగా, తరువాత లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వాటి స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. 1990లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం గుర్తించిన ఈ పదార్థం అంతే బరువుకు కొంత తక్కువ శక్తిని నిల్వ చేసినా, వేడికి తట్టుకొంటుంది. నిండి, ఖాళీ అయ్యే చక్రాలు 3,000 దాటినా 80 శాతం సామర్థ్యం మిగులుతుందని తయారీదారులు సాధారణంగా ప్రకటిస్తారు.

పెట్టె సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చెబుతారు. 1,000 వాట్-అవర్లు ఇంటి కరెంటు బిల్లులోని ఒక యూనిట్‌కు సమానం. అంటే విరివిగా అమ్ముడయ్యే మధ్యరకం పెట్టె పట్టేది ఇంచుమించు ఒక యూనిట్ మాత్రమే. అందులోనూ ఇన్వర్టర్ నష్టాలు పోగా ఏసీ సాకెట్ల దగ్గర చేతికి అందేది సుమారు 85 శాతం. ఏమీ తగిలించకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపు కొంత కరెంటు తింటూనే ఉంటుంది కనుక, ఫోన్లు, దీపాలు, 12 వోల్టుల ఫ్రిజ్ వంటివాటిని డీసీ సాకెట్లకే తగిలించి ఏసీ మీటను ఆపివేయడం మేలు. కంప్రెసర్ ఫ్రిజ్, ల్యాప్‌టాప్, నిద్రలో శ్వాసకు తోడ్పడే యంత్రం వంటివాటికి ఈ పెట్టె చక్కగా సరిపోతుంది. బండి పైకప్పు మీది ఎయిర్ కండిషనర్ సంగతి వేరు. అది తిరుగుతున్నప్పుడు 1,300 నుంచి 1,500 వాట్లు, మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి, ఒక యూనిట్ పెట్టెతో దానిని నడపగలమనే ప్రకటనలను నిదానించి చదవాలి.

పరిమాణం కంటె పెట్టెను బండికి కలిపే తీరులోనే చిక్కులు ఎక్కువ. మొదటి పద్ధతిలో పెట్టె బండి వైరింగ్‌తో సంబంధం లేకుండా ఒక పక్కన ఉంటుంది, పరికరాలను నేరుగా దానికే తగిలిస్తారు. రెండో పద్ధతిలో, క్యాంపు స్తంభం నుంచి కరెంటు తీసుకొనేందుకు బండి పక్కన ఉండే ప్రవేశ సాకెట్‌కు పెట్టెను కలుపుతారు. అప్పుడు లోపలి సాకెట్లన్నీ పనిచేస్తాయి. ఈ రెండోది సౌకర్యమే గాని, బండికి తాను స్తంభానికి తగిలించి ఉన్నానో పెట్టెకు తగిలించి ఉన్నానో తెలియదు. ఏసీ రాగానే బండిలోని కన్వర్టర్, అంటే 12 వోల్టుల ఇంటి బ్యాటరీని నింపే ఛార్జర్, తన పని మొదలుపెడుతుంది. 55 ఆంపియర్ల కన్వర్టర్ పూర్తి జోరులో 700 వాట్లకు పైగా లాగగలదు. గ్యాస్‌తోను, కరెంటుతోను నడిచే శోషణ రకం ఫ్రిజ్ ఆటో స్థితిలో ఉంటే అది కూడా గ్యాస్ మంటను ఆర్పి, ఇంచుమించు 300 వాట్ల హీటర్‌కు మారుతుంది. కాఫీ యంత్రం మీద చెయ్యి పెట్టకముందే, యజమాని దీపాలు చూసి సంతోషిస్తూ ఉండగా, ఒక యూనిట్ పెట్టె గంటలో ఖాళీ అవుతుంది. అందులో సింహభాగం ఒక బ్యాటరీ నుంచి మరో బ్యాటరీకి పోయి, దారిలో రెండుసార్లు మార్పిడి నష్టానికి గురవుతుంది. కనుక ప్రవేశ సాకెట్‌కు కలిపేముందు కన్వర్టర్ బ్రేకర్‌ను దించి, ఫ్రిజ్‌ను గ్యాస్‌కు, నీళ్ల హీటర్‌ను కూడా గ్యాస్‌కు మార్చి ఉంచాలి.

రెండో చిక్కు న్యూట్రల్, ఎర్త్‌లకు సంబంధించినది. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 551వ అధికరణం ప్రకారం ఈ రెండిటినీ బండి లోపల కలపకూడదు. ఆ కలయిక సరఫరా మూలం వద్దనే ఉండాలి. అయితే చాలా పవర్ స్టేషన్లలో న్యూట్రల్ ఎర్త్‌తో కలవకుండా విడిగా ఉంటుంది. అందువల్ల బండికి రక్షణగా అమర్చిన సర్జ్ ప్రొటెక్టర్ ఎర్త్ లేదని చూపి కరెంటును లోపలికి రానివ్వకపోవచ్చు. పెట్టెలోని మరో సాకెట్‌కు న్యూట్రల్, ఎర్త్ కలిపిన ప్రత్యేక ప్లగ్గు తగిలించడం ప్రచారంలో ఉన్న చిట్కా. విడి న్యూట్రల్ ఉన్నప్పుడు ఒక్క లోపంతో షాక్ తగలదని, అందువల్ల ఉన్నదే క్షేమమని వాదించేవారూ ఉన్నారు. ఒక పరికరం వరకు ఆ మాట నిజమే. బండి నిండా తీగలు, లోహపు చట్రం, అనేక పరికరాలు ఉన్నప్పుడు రెండో లోపం ఎప్పుడు ఏర్పడినా పసిగట్టే మార్గం ఉండదు కనుక, తయారీదారు అనుమతించిన చోట మూలం వద్ద కలపడమే మెరుగు. ఆ ప్లగ్గును స్తంభం సరఫరాతో మాత్రం ఎన్నడూ వాడరాదు.

పెట్టెను నింపుకొనే మార్గాలు మూడు. గోడ సాకెట్ సంగతి తేలిక. డ్రైవర్ పక్కనున్న 12 వోల్టుల సాకెట్ ఇచ్చేది సుమారు 100 వాట్లే కనుక, నాలుగు గంటల ప్రయాణంలో ఒక యూనిట్ పెట్టె సగం కూడా నిండదు. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి మందమైన తీగతో నేరుగా కరెంటు తెచ్చే ప్రత్యేక ఛార్జర్లు ఈ లోటు తీర్చడానికే వచ్చాయి. సౌర ఫలకాల విషయంలో వాట్ల కంటె వోల్టేజి మీద దృష్టి పెట్టాలి: భారం లేనప్పుడు ఒక్కొక్కటి 22 వోల్టులు చూపే ఫలకాలను మూడింటిని వరుసగా కలిపితే 66 అవుతాయి, చల్లని ఉదయం ఇంకా పెరుగుతాయి, 60 వోల్టుల పరిమితి ఉన్న పెట్టెను చెడగొట్టడానికి అది చాలు. లిథియం ఘటాలను 0 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ చలిలో నింపితే లోపల లోహపు పొర పేరుకొని శాశ్వత నష్టం కలుగుతుంది కాబట్టి, మంచి నియంత్రణ వలయం అప్పుడు ఛార్జింగ్‌ను ఆపివేస్తుంది.

బండిలోనే కాపురం ఉండేవారికి 12 వోల్టుల లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్లతో కూడిన స్థిరమైన ఏర్పాటే చౌక, మరమ్మతుకు అనువు. పెట్టెలో ఒక్క భాగం చెడితే మొత్తం మూలపడుతుంది. వారాంతపు ప్రయాణికులకు, అద్దెబండ్లవారికి పెట్టెయే నయం. కొనేవారు అమెరికాలో యూఎల్ 2743 ప్రమాణం ముద్ర ఉన్నదో లేదో చూస్తారు. ఒక యూనిట్ పెట్టె సాధారణంగా 10 కిలోలకు పైగా తూగుతుంది. అది బ్రేకు వేసినప్పుడు కదలకుండా పట్టీలతో బిగించి, గాలి రంధ్రాలు మూసుకుపోని చోట ఉంచాలి.

తెలుగు నాట కారవాన్ అనగానే గుర్తుకు వచ్చేది షూటింగుల దగ్గర తారలు విశ్రమించే బండి. ఎయిర్ కండిషనర్ ఆగకుండా నడవవలసిన ఆ బండ్లకు జనరేటరే ఆధారం, పెట్టె సరితూగదు. అమెరికాలోని తెలుగు కుటుంబాలు అక్కడ కొన్న పెట్టెను స్వదేశానికి తెచ్చుకోవడం కూడా కుదరదు: 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో విమానం ఎక్కనివ్వరు, ఆ పెట్టె ఇచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కాగా ఇక్కడి పరికరాలకు కావలసింది 230 వోల్టులు, 50 హెర్ట్జ్.