కుండీలో మహావృక్షం

జానెడు ఎత్తున నిలిచిన ముదురు పైన్ చెట్టును చూచినవారు దానిని మరుగుజ్జు జాతిగా భావిస్తారు. అది నిజం కాదు. నేలలో వదలిన అదే మొక్క మహావృక్షమవుతుంది. కుండీలో దానిని పొట్టిగా నిలిపేది మనిషి చేయి.

ఈ కళకు పుట్టినిల్లు చైనా. క్రీ.శ. 706లో నిర్మించిన ఒక టాంగ్ రాకుమారుని సమాధి గోడపై, చిన్న మొక్కలు, రాళ్లు అమర్చిన పళ్లెమును మోయుచున్న పరిచారిక చిత్రమున్నది. జపానులో 1309 నాటి చిత్రపటంలోను ఇట్టి కుండీలు కనిపిస్తాయి.

పూర్వం గాలికి, కరవుకు గిడసబారిన చెట్లను కొండలపై నుండి త్రవ్వి తెచ్చేవారు. షికోకు దీవిలోని తకమత్సు ప్రాంతంవారు సుమారు 200 సంవత్సరాల క్రితం సముద్రతీరపు పైన్ మొక్కలను త్రవ్వి కుండీలలో నాటారు. కాని అట్టి చెట్టు తయారగుటకు దశాబ్దాలు కావాలి. పెకలించుటకు ఒక పూట చాలు. వేళ్లు తెగిన ముదురుచెట్టు బ్రతుకుట కష్టం. క్రమంగా అక్కడి రైతులు దేశవాళీ పైన్ మొక్కలను పొలాలలోనే పెంచసాగారు. నేడు జపానులో తయారయ్యే పైన్ బోన్సాయ్‌లలో దాదాపు 80 శాతం తకమత్సువే.

నారుమొక్కకు తల్లివేరు కత్తిరిస్తే పీచువేళ్లు గుబురుగా వస్తాయి. లేతకొమ్మ తీగచుట్టుకు లొంగుతుంది. కొనచిగురు త్రుంచితే ప్రక్కమొగ్గలు మేలుకొంటాయి. వాటిని అణచి ఉంచే ఆక్సిన్ కొనచిగురులోనే పుడుతుంది. ఈ పదార్థం ఉనికిని డచ్చి శాస్త్రజ్ఞుడు వెంట్ ఓట్స్ మొలకలపై ప్రయోగాలు చేసి 1928లో వివరించాడు. తోటమాలి చేతికి ఆ ఫలితం శతాబ్దాల క్రితమే తెలుసు. కొండగాలి చేసే పని కత్తెర చేయగలిగినప్పుడు, కొండమీది చెట్టును పెకలించవలసిన అవసరం లేదు.