నల్ల బిళ్ళలో అవ్వ అతిమధురం

మా అమ్మాయికి ఐదో నెలప్పుడు ఫిన్లాండ్ వెళ్లాను. హెల్సింకీలో దిగిన మర్నాడే ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టి, "తిని చూడమ్మా, ఇక్కడ అందరికీ ఇదంటే ప్రాణం. నేనూ రోజూ తింటున్నా" అంది. బొగ్గులా నల్లగా, డైమండు ఆకారంలో బిళ్ళలు. ఒకటి నోట్లో వేసుకున్నాను. మొదట ఉప్పు, ఆపైన ముక్కుకెక్కే ఘాటు, చివర్లో నాలుకను వదలని తీపి. ఉమ్మేయబోయి ఆగాను. ఆ తీపి నాకెక్కడో తెలిసిందే!

డబ్బా మీదున్నది అమ్మాయి చేత చదివించాను. దాని పేరు సల్మియాకీ. అందులో లికరిస్ ఉందట. లికరిస్ అంటే మన అతిమధురమే. కొత్తపల్లెలో మాకు దగ్గొస్తే మా అవ్వ బుగ్గన పెట్టిన పుల్ల అదే. నంద్యాల పచారీ కొట్టు నుంచి తెప్పించేది.

మరి ఆ ఘాటు? అమ్మోనియం క్లోరైడ్ అని రాసుంది. అది మన నవసాగరం. చిన్నప్పుడు ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే తాత కాలిన గిన్నెలో ఇంత పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది, గుర్తుందా? ఆ పొడి గిన్నెకున్న చిలుము వదలగొడితేనే తగరం అంటుకునేది. దగ్గు మందు సీసాల మీద కూడా దీని పేరు కనిపిస్తుంది. కానీ కళాయికి వాడే రకం తినేది కాదు సుమా!

అతిమధురం కథ చాలా పాతది. చరక సంహితలో యష్టిమధుకమంటే ఇదే. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ కూడా ఈ తియ్యటి వేరు ఉబ్బసానికి, పొడిదగ్గుకు మంచిదని రాశాడు. 1760లో ఇంగ్లండులోని పాంటిఫ్రాక్ట్ ఊళ్లో జార్జ్ డన్‌హిల్ అనే మందుల వ్యాపారి దీని రసానికి చక్కెర కలిపి బిళ్ళలు చేశాడని చెబుతారు. అలా మందు కాస్తా మిఠాయి అయింది. ఉత్తర ఐరోపా మందుల షాపుల్లో దగ్గు బిళ్ళలకు నవసాగరం తోడై ఈ ఉప్పు రుచి పుట్టింది.

ఇదంతా తెలిశాక సంబరపడ్డాను గానీ, ఇంకొంచెం చదివితే గుండె గుభేలుమంది. అతిమధురంలోని గ్లిసరైజిన్ ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపి, పొటాషియాన్ని తగ్గిస్తుంది. రోజూ ఎక్కువగా తింటే బీపీ పెరుగుతుంది. అందుకే ఐరోపాలో ఇది ఎక్కువగా ఉన్న మిఠాయిల మీద బీపీ ఉన్నవాళ్లకు హెచ్చరిక రాయాలన్న నియమం ఉంది. ఫిన్లాండ్ ఆరోగ్య శాఖ వాళ్లయితే గర్భిణులు లికరిస్ ఎక్కువగా తినొద్దని 2016లోనే చెప్పారు.

అమ్మాయి మర్నాడే డాక్టరుకు చూపించుకుంది. బీపీ మామూలుగానే ఉంది. డబ్బా మాత్రం బీరువా పైకి వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. అవ్వ ఆ పుల్ల దగ్గున్న రెండు మూడు రోజులే ఇచ్చేది. తియ్యగా ఉంది, ఇంకొంచెం ఇవ్వమంటే, "ఇది మందే, మిఠాయి కాదు" అని కొంగున ముడేసుకునేది. మీ ఇంట్లోనూ అతిమధురం ఉంటే, బీపీ ఉన్నవాళ్లకూ కడుపుతో ఉన్నవాళ్లకూ ఇచ్చేముందు డాక్టరునొక మాట అడగండి.