పోర్టు లూయీ నగరము

ఆఫ్రికా రాజధానులలో తెలుగువారికి చుట్టరికముగల నగరమొకటి యున్నది. అది హిందూమహాసముద్రమున మారిషసు ద్వీపమునందలి పోర్టు లూయీ. దొర్నిపాడు, ఆళ్లగడ్డ సీమలవారమగు మనకు సముద్రమే దూరపుమాట. ఆవలి పట్టణముతో మనకేమి పని యని కొందరు శంకింపవచ్చును. ఆ దీవిని చెఱకుతోటలతో నింపిన చేతులలో మనవారివియు నున్నవి.

ఈ రేవును తీర్చినవాడు 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే. 1746లో చెన్నపట్టణమును పట్టుకొన్న ఫ్రెంచి సేనాని యితడే. 1810లో దీవి ఇంగ్లీషువారి వశమైనది, 1968లో స్వతంత్రమైనది.

చూడదగినవి పెక్కులున్నవి. షాం ద మార్సు మైదానమున 1812 నుండి గుఱ్ఱపు పందెములు జరుగుచున్నవి. కొండపై పాతకోట కలదు. ఒక ప్రదర్శనశాలలో 1847 నాటి తపాలాబిళ్లలు రెండున్నవి. వెలుతురు సోకి రంగు వెలియునేమోయని వానిని కొలది నిమిషములే దీపము వేసి చూపుదురు. రెండు కాగితపు ముక్కలకెంత రాజభోగము!

నా మట్టుకు, రేవునొడ్డున నున్న పదునాఱు రాతిమెట్లే వీనికన్న గొప్పవి. ఇంగ్లీషువారు బానిసలను విడిచిపెట్టవలసివచ్చినప్పుడు, తోటల దొరలు మనదేశపు కూలీలకై చూచిరి. 1834లో 'అట్లాసు' ఓడపై తొలిజట్టు దిగినది. 1843లో మన కోరంగి పేరుగల 'కొరింగా పాకెట్' ఓడపై తెలుగువారు చేరిరి. తొలినాటి ఒడంబడికలలో మగవాని జీతము నెలకు అయిదు రూపాయలు, గడువు అయిదేండ్లు. 1920 నాటికి వచ్చినవారందఱు కలసి ఇంచుమించు అయిదు లక్షలు. పెక్కుమంది తిరిగి రాలేదు. ఆ డిపోకు నేడు ఆప్రవాసీ ఘాట్ అని పేరు. 2006లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వస్థలముగా నెన్నిరి.

వారి సంతతి యిండ్లలో నేడు ఎక్కువగా వినబడునది క్రియోలు భాష. అయినను ఉగాది అచట ప్రభుత్వపు సెలవుదినము; 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి.

కూలీల దాఖలా పుస్తకములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. పేరు, తండ్రి పేరు, వయసు, కులము, ఊరు, ఒంటిమీది మచ్చ — అన్నియు వ్రాసిరి; 1860ల తరువాత కొందఱి ఛాయాచిత్రములను సైతము తీసిరి. తెలుగు రాని గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసికొన్న ఊరిపేరును ముందుంచుకొని, మునిమనుమలు అది మన సీమలో ఏ గ్రామమోయని నేటికిని వెదకుచున్నారు.